ట్రాక్టర్ పక్కన దొరికిన ఇనుప ముక్క దేనిదో కనుక్కోవడం ఎలా

నెలకి నాలుగైదు ఫోటోలు వస్తయి నాకు వాట్సాప్‌లో, అన్నీ ఒకే రకం. మట్టి పట్టిన ఇనుప ముక్క, సైజు తెలియడానికి పక్కన ఒక చెప్పు, కింద ఒక్క లైను: "అన్నా ఇది ఏంది, ట్రాక్టర్ పక్కన దొరికింది." హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట దిక్కు పాత ఫామ్‌హౌస్ కొన్నోళ్లే ఎక్కువ. షెడ్డులో ఒక పాత చిన్న ట్రాక్టరో, పవర్ టిల్లరో, లేదంటే ఎప్పుడో ఎవరో అమెరికా నుంచి ఇంటి సామాన్లతో పాటు కంటైనర్‌లో తెప్పించుకున్న గార్డెన్ ట్రాక్టరో టైర్లు కుంగిపోయి పడి ఉంటది, చుట్టూ గడ్డి, గడ్డిలో ఇనుము. ప్రతి ఒక్కరికీ అదే జవాబు టైప్ చేసీ చేసీ వేళ్లు నొప్పి పుడుతున్నయి, అందుకే ఒక్కసారి మొత్తం రాసి పెడుతున్నా, ఇకమీద ఇదే పంపిస్తా.

మొదలుపెట్టే ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ట్రాక్టర్ పక్కన దొరికిందంటే ట్రాక్టర్‌దే అని కాదు. నేను చూసినవాటిల్లో సగానికి సగం ట్రాక్టర్‌వి కానే కావు, దానికి తగిలించే సామానువి, అంటే గడ్డి కోసే డెక్కు, వెనక నాగలి, ముందు బ్లేడు, వీటి బ్రాకెట్లు, పిన్నులు, పుల్లీలు. ఇంకొన్ని అసలు వ్యవసాయానికే సంబంధం లేనివి. కాబట్టి "ఇది ఏ ట్రాక్టర్‌ది" అనే ప్రశ్న చివరకి పెట్టుకోండి, "ఇది ఏం పని చేసింది" అనేది ముందు.

కావల్సినవి

- అయస్కాంతం. పాత స్పీకర్‌లోంచి పీకింది చాలు.
- వెర్నియర్ కాలిపర్. డిజిటల్ అయితే మిల్లీమీటరు, ఇంచు రెండూ చూపిస్తది, మనకి రెండూ కావాలి.
- థ్రెడ్ గేజ్ (బోల్టు మరలు కొలిచేది), మెట్రిక్‌ది ఒకటి, ఇంచులది ఒకటి. లేకపోతే కొత్త బోల్టులు, నట్లు కొన్ని కొనుక్కోండి, ఎలా వాడాలో కింద చెప్తా.
- కిరోసిన్ లేదా డీజిల్ కొంచెం, పాత టూత్ బ్రష్షు, బట్ట.
- పల్చటి తెల్ల కాగితం, మెత్తటి పెన్సిలు, సుద్దముక్క, టార్చ్.
- దళసరి అట్ట, కత్తెర.
- ఒక నోటుబుక్కు. ఫోన్‌లో రాసుకుంటా అంటారు గానీ గ్రీజు చేతులతో ఫోన్ పట్టుకోలేరు.

వైర్ వీల్ పెట్టిన గ్రైండర్ ఈ లిస్టులో లేదు, కావాలనే పెట్టలేదు.

1. దొరికిన చోటనే ఫోటో తీయండి

ముక్కని లేపకముందే. దూరం నుంచి ఒకటి, ట్రాక్టర్ కూడా ఫ్రేములో పడేటట్టు. దగ్గర నుంచి ఇంకొకటి. తర్వాత లేపినప్పుడు కింది వైపు చూడండి, మట్టిలో ఎంత లోతు దిగింది, ఒక వైపే తుప్పు పట్టిందా రెండు వైపులానా. ట్రాక్టర్ కింద గచ్చు మీద, నూనె మరక పక్కన పడి ఉంటే ఊడిపడిందని అనుకోవచ్చు. గోడకి ఆనించి ఉంటే ఎవరో విప్పి పెట్టారు. గడ్డిలో నాలుగు అంగుళాలు దిగిపోయి ఉంటే ఆ ట్రాక్టర్ అక్కడికి రాకముందు నుంచే ఉందేమో కూడా. చుట్టుపక్కల రెండు గజాల్లో ఇంకేం ఉన్నయో వెతకండి, దాని జోడీ పిన్నో వాషరో అక్కడే మట్టిలో ఉంటది, అయస్కాంతానికి తాడు కట్టి గడ్డిలో లాగితే తగులుకుంటది.

2. ట్రాక్టర్‌లో ఖాళీ ఎక్కడుందో చూడండి

ఇది అందరూ మర్చిపోతరు. ముక్క చేతికి రాగానే దాని మీదే పడతరు, పక్కన బండి మొత్తం నిలబడి ఉంది కదా, దాన్ని అడగరు. బోల్టు లేని బొక్కలు, చుట్టూ దుమ్ము పట్టి మధ్యలో మాత్రం పెయింట్ కొత్తగా మిగిలిన చోట్లు, ఏదో రుద్దుకుని మెరిసిన గీతలు, ఒక వైపు ఉండి రెండో వైపు లేని బ్రాకెట్లు. అన్నీ ఫోటో తీసుకోండి. బొక్కల మధ్య దూరం కూడా రాసుకోండి, తర్వాత పనికొస్తది.

3. కడగండి, కానీ నెమ్మదిగా

కిరోసిన్‌లో నానబెట్టి టూత్ బ్రష్షుతో. పెట్రోల్ వద్దు, ఇంట్లో అసలే వద్దు. మొదట్లో నేను కూడా గ్రైండర్‌కి వైర్ వీల్ పెట్టి తళతళలాడించేవాణ్ణి, ఒకసారి అట్లనే రుద్దిన తర్వాత చూస్తే ఆధారం అన్నదే మిగల్లేదు, పెయింట్ పోయింది, పంచ్ చేసిన చిన్న నంబరు పోయింది, చేతిలో మెరిసే ఇనుము మిగిలింది.

పెయింట్ పొరలు ముఖ్యం. మూలలో బ్లేడుతో కొంచెం గీకి చూస్తే కింద అసలు రంగు బయటపడతది. అమెరికా గార్డెన్ ట్రాక్టర్లలో వీల్ హార్స్ ఎరుపు, కబ్ క్యాడెట్ పసుపు తెలుపు, జాన్ డియర్ ఆకుపచ్చ పసుపు, పాత చిన్న ఫెర్గూసన్ బూడిద రంగు. పై పొరని నమ్మకండి, మన దగ్గర బండి అమ్మేముందు షాపులో ఏ డబ్బా తెరిచి ఉంటే ఆ రంగు కొట్టేస్తరు.

జాగ్రత్త: పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, పొడిగా సాండ్‌పేపర్ కొట్టకండి, తడి చేసి గీకండి, పిల్లల్ని దూరం పెట్టండి. ముక్క బ్రేక్ షూనో క్లచ్ ప్లేటో లాగ కనిపిస్తే గాలి కొట్టి దుమ్ము లేపొద్దు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. నొక్కిపెట్టిన స్ప్రింగు ఏదైనా కనిపిస్తే ఒంటరిగా విప్పకండి, కళ్లు పోతయి.

4. ఏ లోహమో తేల్చండి

అయస్కాంతం అంటుకుంటే ఇనుమో ఉక్కో. అంటుకోకుండా తేలిగ్గా ఉంటే అల్యూమినియం, బరువుగా పసుపుగా ఉంటే ఇత్తడో గన్‌మెటలో. బీడు ఇనుమా ఉక్కా అన్నది తాడుకి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి, ఉక్కు గంట లాగ మోగుతది, బీడు టప్‌మని ఆగిపోతది. అంచు మీద సన్నటి గీత ఉంటే పోత పోసింది, వెడల్పాటి పట్టీ లాగ గీత ఉంటే కొట్టి చేసిన ఫోర్జింగు. ఫోర్జింగు అంటే బలం పడే పని చేసింది, స్టీరింగ్ ఆర్ము, లిఫ్టు లింకు లాంటివి. బీడు ముక్కని వంచి సరిచేద్దామని చూడకండి, విరుగుతది. వెల్డింగు పట్టీ ముక్క అయితే కంపెనీది కాకుండా మన ఊరి వెల్డింగ్ షాపులో చేసింది కూడా కావొచ్చు, వెల్డింగు గీత వంకర టింకరగా ఉంటే దాదాపు అంతే.

5. ఇది ఏం పని చేసింది?

ఇక్కడ టైము పెట్టండి, టీ తెచ్చుకుని కూర్చోండి. నంబరు కన్నా అరుగుదల ఎక్కువ చెప్తది.

మెరిసిన చోటు ఎక్కడ? అక్కడ ఏదో రుద్దుకుంది. బొక్క గుండ్రంగానే ఉందా, కోడిగుడ్డు లాగ సాగిందా? సాగితే అందులో పిన్ను ఆడింది, సాగిన దిక్కు బలం పడిన దిక్కు. రెండు బొక్కలుండి ఒకటే సాగితే సాగంది బోల్టుతో బిగించింది, సాగింది కదిలింది. గ్రీజు నిప్పిల్ (గ్రీజు ఎక్కించే చిన్న మొన) ఉందంటే అది తిరిగే చోటు, నిప్పిల్‌కి గ్రీజు గన్ను అందే దిక్కు బయటి వైపు. సగం చందమామ గాడి ఉంటే వుడ్‌రఫ్ కీ (పుల్లీ షాఫ్టు మీద జారకుండా పట్టే అర్ధచంద్రం ముక్క) పడే షాఫ్టు. పొడుగు స్లాటు ఉంటే అడ్జస్ట్ చేసుకునేది, బెల్టు టైటు చేసే బ్రాకెట్ అయి ఉంటది తరచూ.

పుల్లీ అయితే గాడి చూడండి. వీ ఆకారం గాడి అయితే బెల్టు లోపలి వైపు మీద నడిచింది. చదునుగా అంచులతో ఉంటే బెల్టు వీపు మీద నడిచే ఐడ్లర్, అంటే బెల్టుని బిగువుగా పట్టే పుల్లీ, గడ్డి కోసే డెక్కుల మీద ఇవే ఎక్కువ, ఊడిపోయేవి కూడా ఇవే ఎక్కువ.

గుండ్రటి బరువైన బీడు చక్రం, మధ్యలో పెద్ద బొక్క, రెండు మూడు బోల్టు బొక్కలు, దానికేం గాడి లేదు పళ్లు లేవు అంటే వెనక చక్రానికి బిగించే బరువు. ఒకాయన దాన్ని గేటు కొట్టుకోకుండా ఆనించి పెట్టుకున్నాడు, ఇంకొకాయన డ్రైనేజీ మూత అనుకున్నాడు.

ఇక నా పరువు పోయిన కథ. పావు చక్రం ఆకారంలో దళసరి ఉక్కు ముక్క, దానికి వేలాడుతూ తుప్పు పట్టిన చైను, మధ్యలో బేరింగులు, ట్రాక్టర్ వెనక చక్రం కిందే దొరికింది. చూడగానే ట్రాక్టర్ వెనక సామానుని లేపే లిఫ్ట్ క్వాడ్రంట్ అనేశా, ఇంకేముంది, రెండు వారాలు అది ఏ మోడల్ లిఫ్ట్‌దో అని పార్ట్స్ బొమ్మలన్నీ తిరగేశా. బేరింగ్ 6204 అని వచ్చింది, అది చూసి ఇంకా నమ్మకం పెరిగింది. చివరికి పక్క పొలం పెద్దాయన ఒకరు వచ్చి, దాన్ని కాలితో తోసి, "బోరింగ్‌ది కదయ్యా ఇది, బడి కాడ ఉండే చేతిపంపుది" అన్నాడు. ఇండియా మార్క్ 2 చేతిపంపు హ్యాండిల్ తల అది, చైను పావు చక్రం మీద ఎక్కి దిగుతది, హ్యాండిల్‌లో రెండు 6204 బేరింగులు ఉంటయి. అరుగుదల సరిగ్గా చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది, చైను ఒకే దిక్కు లాగిన గుర్తులు, నూనె మరక అన్నది ఒక్కటి లేదు, నీళ్ల తుప్పు. ట్రాక్టర్ కింద ఉంది కదా అని కళ్లు మూసుకున్నా.

6. కొలవండి, రెండు లెక్కల్లోనూ

అరగని చోట కొలవండి. సాగిన బొక్కని కొలిచి "22.9" అని పంపితే దాన్ని నేనేం చేయాలి.

పాత అమెరికా, ఇంగ్లాండ్ బండ్లు ఇంచుల్లో చేసినవి. మిల్లీమీటర్లలో కొలిస్తే 25.4, 19.05, 12.7, 9.5 ఇట్లాంటి అంకెలు వస్తుంటే ఇంచుల సామాను. 25, 20, 12, 10 అని సాఫుగా వస్తుంటే మెట్రిక్. పవర్ టిల్లర్లు జపాన్ డిజైన్లు కాబట్టి మెట్రిక్. ఒక్క కొలతతో తేల్చొద్దు, నాలుగైదు తీసుకోండి.

రెండు బొక్కల మధ్య దూరం కావాలంటే సెంటర్ ఎక్కడుందో అంచనా వేయకండి. బొక్కలు ఒకే సైజు అయితే ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచు దాకా కొలవండి, అదే సెంటర్ దూరం.

చక్రం బిగించే హబ్బుకి 5 బొక్కలుంటే ఎదురెదురు ఉండవు కదా, అందరూ ఇక్కడ తప్పు చేస్తరు. పక్కపక్క రెండు బొక్కల సెంటర్ దూరం కొలిచి 1.7తో గుణించండి, బొక్కల వృత్తం వ్యాసం వచ్చేస్తది. 67 మిల్లీమీటర్లు వస్తే వృత్తం 114, అంటే నాలుగున్నర ఇంచులు, అమెరికా గార్డెన్ ట్రాక్టర్లలో చాలా మామూలు కొలత ఇది.

వెనక తగిలించే సామాను పిన్ను అయితే: మూడు పాయింట్ల హిచ్ అంటే ట్రాక్టర్ వెనక సామాను తగిలించే మూడు చేతుల అమరిక, సైజుని బట్టి కేటగిరీలు ఉంటయి, కేటగిరీ 1కి కింది పిన్నులు సుమారు 22 మిల్లీమీటర్లు, పై లింకు పిన్ను 19. కేటగిరీ 2కి కింద 28 పైన 25. గార్డెన్ ట్రాక్టర్లలో వాడే కేటగిరీ 0 అయితే 16. పళ్ల షాఫ్టు లాగ ఉండి లోపల 6 పళ్లు, 35 మిల్లీమీటర్లకి కొంచెం తక్కువ ఉంటే మామూలు పీటీవో కప్లింగు, అంటే ఇంజిన్ బలాన్ని వెనక సామానుకి అందించే, నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్టుది. అవే 6 పళ్లు ఉండి 28.6 వస్తే ఆగండి, అది పాత కొలత, 1946 నుంచి 1956 దాకా కోవెంట్రీలో చేసిన ఫెర్గూసన్ టీఈ20కి అట్లాంటి సన్న షాఫ్టు ఉండేది.

వీ పుల్లీ గాడికి పై వెడల్పు చూడండి, బెల్టు A సెక్షన్ (సైజు రకం) అయితే సుమారు 13 మిల్లీమీటర్లు, B సెక్షన్ అయితే 17, C అయితే 22.

ఇక్కడ జరిగే పెద్ద నష్టం ఒకటి చెప్పాలి. ఇంచు షాఫ్టు 25.4 ఉంటది, దానికి 25 లోపలి బేరింగ్ ఎక్కదు. ఎక్కట్లేదని లేత్ మీద పెట్టి షాఫ్టుని 0.4 కొట్టించేస్తరు. కొట్టించకండి, ఇంచు బోరు బేరింగులు విడిగా ఉంటయి, అడిగితే తెప్పిస్తరు. షాఫ్టు గాడిలో పెట్టే కీ కూడా అంతే, పావు ఇంచు గాడిలో 6 మిల్లీమీటర్ల కీ పెడితే ఆడీ ఆడీ గాడి పాడయితది.

వెర్నియర్ లేకపోతే డ్రిల్ బిట్లు వాడండి, ఏ బిట్టు బొక్కలో ఆడకుండా దిగితే అదే సైజు.

7. చూడీలు

మన మెకానిక్‌లు చూడీలు అంటరు, మరలు. బోల్టు కన్నా బీడు ముక్కలోపల కోసిన చూడీని నమ్మండి. బోల్టు ఎవరో ఎప్పుడో మార్చి ఉంటరు, తలకాయ మీద 8.8 (మెట్రిక్ బోల్టు బలం గుర్తు) అని ఉందని బండి మొత్తం మెట్రిక్ అనుకోవద్దు. తల మీద అంకె లేకుండా 3 గీతలో 6 గీతలో ఉంటే అది అమెరికా లెక్క బోల్టు.

గేజ్ లేకపోతే ఒక ఇంచు పొడుగులో ఎన్ని చూడీలున్నయో లెక్కపెట్టండి. 5/16 ముతక చూడీ అయితే 18, ఎం8 అయితే 20. ఈ రెండింటి మందం దాదాపు ఒకటే, 7.94, 8. అందుకే ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటది, అప్పుడు మనోళ్లు పానా తెచ్చి బలంగా తిప్పుతరు, చూడీ పోతది. కొత్తగా కొన్న నట్టో బోల్టో ఎక్కించి చూడండి, చేత్తో నాలుగు చుట్లు తిరగకపోతే అది దాని జోడీ కాదు, అంతే.

అమెరికాదా ఇంగ్లాండ్‌దా అని తేల్చడానికి అర ఇంచు బోల్టు బొక్క వెతకండి. ముతక చూడీల్లో 1/4, 5/16, 3/8 సైజులకి రెండు దేశాలవీ 20, 18, 16 అని ఒకే లెక్క ఉంటది, చూడీ కోణం మాత్రం వేరు. అర ఇంచు దగ్గర విడిపోతయి, అమెరికాది 13, ఇంగ్లాండ్ విట్‌వర్త్ 12.

8. నంబర్లు

ఇప్పుడు నంబరు. ముందే చూసి గూగుల్‌లో కొట్టేసి ఉంటరని తెలుసు, ఏం రాలేదు కదా.

పోతలో ఉబ్బెత్తుగా వచ్చిన నంబరు చాలాసార్లు పోత పోసిన అచ్చుది, పార్ట్ నంబరు కాదు. ఒకే పోత నుంచి బొక్కలు వేరువేరుగా కొట్టి రెండు మూడు పార్టులు చేస్తరు. కాబట్టి నంబరు కొంచెం అటూఇటూ ఉన్నా బొమ్మ కలిస్తే వదలకండి. తర్వాత పంచ్ కొట్టింది గానీ గీసింది గానీ ఉంటే దానికి ఎక్కువ విలువ.

చదవడానికి: సుద్ద రుద్ది పైన తుడవండి, లేదా పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ పక్కగా రుద్దండి. టార్చ్ ఎదురుగా కాదు, పక్క నుంచి ఏటవాలుగా వేయండి. 3, 8, 6, బీ ఇవి నాలుగూ తుప్పులో ఒకేలా ఉంటయి, అనుమానం ఉన్న అంకెకి ప్రశ్నార్థకం పెట్టి రాయండి, మీకు మీరే 8 అని తేల్చేయకండి.

నంబరు చివర ఆర్1, ఆర్2 అని ఉంటే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వైపు చూడండి, కబ్ క్యాడెట్‌ని 1961 మోడళ్ల నుంచి చేసింది వాళ్లే, మన మహీంద్రా మొదట్లో బీ-275 చేసింది కూడా వాళ్ల లైసెన్సుతోనే. ముందు ఎం గానీ ఏఎం గానీ ఉంటే జాన్ డియర్ లాన్ సామాను కావొచ్చు. పాత కంపెనీ పేరుతో వెతికితే దొరకదు ఒక్కోసారి, ఎందుకంటే చేతులు మారినయి: కబ్ క్యాడెట్ 1981లో ఎంటీడీకి, వీల్ హార్స్ 1986లో టోరోకి పోయినయి. కొత్త ఓనర్ పేరుతో వెతకండి.

బేరింగ్ నంబరు మాత్రం బండిని చెప్పదు, కొలతే చెప్తది. చివరి రెండు అంకెలు 04 గానీ అంతకన్నా పైన గానీ ఉంటే వాటిని 5తో గుణిస్తే లోపలి బొక్క మిల్లీమీటర్లలో వస్తది, 6204 అంటే 20, 6205 అంటే 25. చేతిపంపులో, ఫ్యాన్లో, మోటర్లో, ట్రాక్టర్‌లో అన్నింట్లో ఉంటది అదే బేరింగు. నా కథ చదివారు కదా.

9. అట్ట ముక్క కోసి పెట్టి చూడండి

ముక్కని అట్ట మీద పెట్టి గీసి, బొక్కలతో సహా కోయండి. ఆ అట్టని రెండో స్టెప్పులో చూసిన ఖాళీ చోట్ల పెట్టి చూడండి. తిప్పి కూడా పెట్టండి, ఎడమ కుడి జోడీల్లో రెండోది అద్దంలో బొమ్మ లాగ ఉంటది. కలిస్తేనే అసలు ముక్క ఎత్తండి. సుత్తి వాడాల్సి వచ్చిందంటే అది అక్కడిది కాదు.

10. అడగడం

షాపుకి 12 కిలోల బీడు మోసుకుపోకండి, అట్ట, కొలతలు, పెన్సిల్ రుద్దిన కాగితం చాలు. బేరింగు, బెల్టు, సీలు, బోల్టు అయితే సికింద్రాబాద్ రాణిగంజ్ గల్లీలు. పెద్ద బండ్ల సామాను లాగ ఉంటే హయత్‌నగర్ దిక్కు ఆటోనగర్. పొద్దున్నే పోండి, మధ్యాహ్నం బేరాల టైములో మీ తుప్పు ముక్కని ఎవరూ చూడరు.

"ఉస్తాద్, ఇది ఫెర్గూసన్‌దేనా?" అని అడిగితే అవును అంటడు, మిమ్మల్ని బాధపెట్టడం ఎందుకని. "ఇది ఏం పని చేస్తది?" అని అడిగి నోరు మూసుకుని నిలబడండి. ముగ్గురిని అడగండి, ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకండి. నాకు ఫోటో పంపేటప్పుడు కూడా చెప్పు వద్దు, స్కేలు పెట్టండి, నాలుగు వైపులా తీయండి, ఎక్కడ దొరికిందో రాయండి.

సరిగ్గానే కనుక్కున్నామా?

బొక్కలు కలిసినయని సంబరపడకండి, రెండు బొక్కల బ్రాకెట్ ఎక్కడో ఒకచోట కలుస్తది. అరుగుదల కలవాలి. ముక్క మీద మెరిసిన చోటుకి ఎదురుగా బండి మీద కూడా మెరిసిన చోటు ఉండాలి. బిగించాక లివర్‌ని మొత్తం అటు చివర నుంచి ఇటు చివర దాకా కదపండి, స్టీరింగ్ రెండు దిక్కులా తిప్పండి, ఇంజిన్ ఆపే ఉంచి, ఎక్కడా తగలకూడదు. ఆ మోడల్ పార్ట్స్ బొమ్మ దొరికితే దాంట్లో ఆకారం, బొక్కల లెక్క కలవాలి. అరుగుదల, కొలత, బొమ్మ ఈ మూడూ కలిస్తే పెట్టేయండి. రెండే కలిస్తే బహుశా అని రాసుకోండి. బ్రేకు, స్టీరింగు, చక్రం ముక్క అయితే బహుశాతో బండి నడపొద్దు.

దొరకకపోతే

కబాడీవాడికి వేయకండి. కొంచెం నూనె రాసి, అల్యూమినియం రేకు ముక్క మీద మేకుతో తేదీ, దొరికిన చోటు, బొక్కల సెంటర్ దూరం గీసి తీగతో కట్టి షెడ్డులో వేలాడదీయండి. కాగితం చీటీ కట్టొద్దు, ఒక్క వానాకాలం కూడా ఆగదు, ఎలుకలు తింటయి.